రోగి మంచం పక్కన ఏ సువార్త చెబుతాం?

ధ్యానానికి వాక్యభాగాలు: యోహాను 9:1–7, 1 కొరింథీయులకు 15:12–20

ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి ఎరగని ఇల్లు లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటల నడుమ ఉన్న ఊళ్ల నుంచి వారానికి రెండుసార్లో మూడుసార్లో మనుషులు డయాలసిస్‌కి బయల్దేరతారు. నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుని, కాళ్లు తేలిపోతుంటే ఇంటికొచ్చి నులకమంచం మీద వాలిపోతారు. మన నందిగాం మీదుగా టెక్కలికో పలాసకో వెళ్లే బస్సుల్లో, చేతికి కట్టుతో కిటికీ పక్కన తలవాల్చి కూర్చున్న వాళ్లను చూడనివాళ్లం ఎవరం?

అలాంటి ఇంటికి సంఘం వాళ్లు పరామర్శకు వెళ్తారు. ఒక కీర్తన పాడతారు, వాక్యం చదువుతారు, ప్రార్థిస్తారు. అంతవరకు బాగానే ఉంటుంది. లేచేముందు ఎవరో ఒకరు ఒక మాట అంటారు. "ఏదో దాచిన పాపం ఉంటుంది, ఒప్పుకో తమ్ముడూ." "విశ్వాసం చాలడం లేదమ్మా, అందుకే దేవుడు ముట్టడం లేదు." "స్వస్థత సభలకు రండి, కానుక విత్తండి, చూడండి." మరీ తెగించినవాళ్లు, "ఒక పక్క దేవుణ్ని నమ్ముతానంటావు, ఇంకో పక్క మందులు మింగుతావు" అనేస్తారు. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. రోగి మీద ప్రేమతోనే పనులు మానుకుని వచ్చారు. కాని ఆ నాలుగు మాటల వెనక నాలుగు బోధలున్నాయి. నాలుగూ తప్పుడు బోధలే.

"మాకు సిద్ధాంతాలు వద్దండీ, యేసయ్య చాలు" అనే మాట మన సంఘాల్లో తరచూ వింటాం. వినడానికి భక్తిగా ఉంటుంది. కాని ఏ యేసయ్య? జబ్బుపడ్డవాణ్ని అనుమానంగా చూసే యేసయ్యా, విశ్వాసం ఇంత ఉంటేనే వస్తానని కొలిచే యేసయ్యా, లేక మన శరీరాన్నే ధరించి మన చావును చచ్చి లేచిన యేసయ్యా? ఈ ప్రశ్నకు జవాబిచ్చేదే సిద్ధాంతం. దాన్ని బైబిలు కాలేజీకి వదిలేశామని మనం అనుకుంటాం. అది మనతోనే వచ్చి రోగి పక్కన కూర్చుంటుంది, మన నోట మాట్లాడుతుంది.

మొదటి మాట తీసుకుందాం. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు ప్రభువును అడిగింది సరిగ్గా ఇదే: ఎవరి పాపం, ఇతనిదా, కన్నవాళ్లదా? ప్రభువు రెండూ కాదన్నాడు. ఆ లెక్కే వద్దని తోసేసి, నేల మీద ఉమ్మివేసి, బురద చేసి, అతని కళ్ల మీద పూసి కోనేటికి పంపాడు. శిష్యులు కారణం వెతుకుతూ నిలబడ్డారు, ఆయన చేతులకు మట్టి అంటించుకున్నాడు.

ఈ అధ్యాయానికి మన ప్రాంతంలోనే ఒక వ్యాఖ్యానం ఉంది. అది కాగితం మీద రాసింది కాదు. 1874లో కాకినాడలో మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషన్ పని కాలక్రమంలో శ్రీకాకుళం, టెక్కలి, పర్లాకిమిడి, సోంపేటల దాకా వచ్చింది. సోంపేటలో ఆ మిషన్ ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ అనే కంటి వైద్యుడు పనిచేశాడు. శుక్లాలతో చూపుపోయిన పల్లెజనానికి ఆపరేషన్లు చేసేవాడు. ఆయన పని విని కదిలిన ఆర్ట్ జెంకిన్స్ అనే కాల్గరీ వ్యాపారి 1963లో "ఆపరేషన్ ఐసైట్" అనే సంస్థను మొదలుపెట్టాడు. తరువాత అది ఎన్నో దేశాల్లో అంధత్వ నివారణకు పనిచేసింది. ప్రపంచమంతా తిరిగిన ఆ పనికి మూలం ఉద్దానంలోని సోంపేట అని మనలో ఎంతమందికి తెలుసు? ఆ ఆసుపత్రి గుమ్మం దగ్గర "ఎవరు పాపం చేశారు" అని అడిగే చీటీ లేదు. యోహాను తొమ్మిదో అధ్యాయాన్ని సరిగా నమ్మితే కళ్ల ఆసుపత్రి వస్తుంది. తప్పుగా నమ్మితే గుడ్డివాడి ఇంటి ముందు గుసగుసలు వస్తాయి.

ఇంకో సంగతి. ఇక్కడి కిడ్నీ జబ్బుకు కారణం నీళ్లా, ఎండలో ఒళ్లెండిపోయేదాకా చేసే చాకిరీయా, పురుగుమందులా, ఒళ్లు నొప్పుల మాత్రలా అని పరిశోధకులు ఏళ్లుగా తరచి చూస్తున్నారు. శ్రీలంక వరి రైతుల్లో, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో కూడా దీన్ని పోలిన జబ్బే ఉంది. మరి పాపమే కారణమైతే, అది ఉద్దానం ఏడు మండలాలను, సముద్రాల అవతల చెరకు తోటలను ఏరి పట్టుకుందనుకోవాలా? పొలంలో నడుం వంచినవాణ్ని పట్టుకుని, ఏసీ గదిలో లంచం తిన్నవాణ్ని వదిలేసిందనుకోవాలా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, తరాల నాటి కొబ్బరి, జీడి చెట్లను వేళ్లతో పెకలించినప్పుడు కూడా ఇలాంటి తీర్పులు కొన్ని వినిపించాయి. సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిన వార్త మీద ప్రభువు ఏమన్నాడో లూకా 13లో ఉంది. చచ్చినవాళ్లు యెరూషలేములో మిగిలినవాళ్ల కంటే పాపులు కారన్నాడు, వింటున్నవాళ్లను మారుమనస్సు పొందమన్నాడు. వేలు చూపించేవాడి వైపుకే ఆ వేలు తిరిగింది.

పాపం వల్లనే ఈ లోకంలోకి జబ్బూ చావూ వచ్చాయన్నది లేఖనం చెప్పే నిజం. కాని అది మనుష్యజాతి అంతటికీ చెందిన మాట. దాన్ని ఒక్కొక్కరి రక్తపరీక్ష కాగితం మీద పెట్టి చదివే అధికారం మనకివ్వలేదు. "నేనేటి పాపం సేసినానని బాబూ నాకీ బాధ?" అని రోగి అడిగితే, చెప్పవలసిన సిద్ధాంతం సిలువ సిద్ధాంతమే. నీ పాపానికి పడవలసిన శిక్ష కల్వరిలో ఒకాయన మీద పడిపోయింది. క్రీస్తులో ఉన్నవాడికి ఇక శిక్షావిధి లేదని రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం మొదట్లోనే పౌలు తేల్చేశాడు. దేవుడు తన కుమారుడి దగ్గర ఒకసారి తీసుకున్నదాన్ని నీ మూత్రపిండాల్లోంచి రెండోసారి తీసుకోడు. ఈ ఒక్క బోధ గట్టిగా ఎరిగినవాడు ఆ మంచం పక్కన "ఒప్పుకో తమ్ముడూ" అనలేడు.

ఇక "విశ్వాసం చాలడం లేదు" అనే మాట. ఇది మొదటిదాని కన్నా ఎక్కువ గాయం చేస్తుందని నా అభిప్రాయం. పాపముందంటే మనిషి ఒప్పుకుని బయటపడతాడు. విశ్వాసం చాలదంటే ఎంత ఉంటే చాలుతుందో ఎవరూ చెప్పరు. రోగి రాత్రంతా తన విశ్వాసాన్నే తడుముకుంటూ ఉంటాడు, క్రీస్తును చూడడం మానేస్తాడు. పౌలు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచివచ్చాడు. ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లాడు. తిమోతికి తరచూ జబ్బు చేస్తుంటే, కడుపు కోసం కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలు రాశాడు, విశ్వాసం పెంచుకోమని మాత్రం రాయలేదు. తనకే ఉన్న ముల్లు గురించి మూడుసార్లు వేడుకుని, కృప చాలునన్న జవాబుతో వెనక్కి వచ్చాడు. పౌలు వెంట తిరిగినవాళ్లలో లూకా వైద్యుడు, పైగా ప్రియుడైన వైద్యుడు. వీళ్లందరికీ విశ్వాసం తక్కువైందని అనగల ధైర్యం ఎవరికుంది?

మార్కు 9లో దయ్యం పట్టిన కొడుకును తెచ్చిన తండ్రి తన అపనమ్మకాన్ని దాచుకోలేదు, దానికే సాయం అడిగాడు. ప్రభువు ఆ సగం విశ్వాసాన్ని వెనక్కి పంపలేదు. కృపచేత విశ్వాసం ద్వారా రక్షణ అని మనం కంఠతా పట్టిన బోధ అర్థం ఇదే. రక్షించేది మన పట్టు కాదు, మనం పట్టుకున్నవాడు. స్వస్థత కోసం ప్రార్థించొద్దని నేననడం లేదు. సంఘపెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థించాలని యాకోబు చెప్పాడు, చేయాలి, కన్నీళ్లతో చేయాలి. ఆయన బాగుచేస్తాడు కూడా, తనకిష్టమైనప్పుడు. కాని జవాబు ఆలస్యమైతే దాని నింద రోగి తలమీద వేసే హక్కు యాకోబు ఇవ్వలేదు. కానుక ఇస్తే జవాబు వస్తుందనే బేరమైతే అపొస్తలుల కార్యములు 8లో సీమోను పెట్టిన బేరమే. పేతురు ఇచ్చిన జవాబు కూడా అక్కడే ఉంది.

ఇప్పుడు కాస్త దూరం వెళ్దాం. క్రీస్తుశకం 325లో, ఇప్పటి టర్కీలో ఉన్న నైసియా పట్టణంలో అధ్యక్షులు సమావేశమయ్యారు. 2025 నాటికి దానికి 1700 ఏళ్లు నిండాయి. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే పెద్ద, కుమారుడు దేవుని సృష్టిలో అందరికన్నా గొప్పవాడే గాని నిత్యుడైన దేవుడు కాడని బోధించాడు. సమావేశం దాన్ని తిరస్కరించి, కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని ఒప్పుకుంది. అంతటితో గొడవ సద్దుమణగలేదు. ఆ ఒప్పుకోలు కోసం అలెగ్జాండ్రియా అధ్యక్షుడు అథనాసియస్ ఐదుసార్లు దేశబహిష్కారం అనుభవించాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఆ విశ్వాసాన్నే మళ్లీ స్థిరపరిచారు. ఒక మాట కోసం అన్నేళ్ల పోరాటమా అని నవ్వుకునేవాళ్లున్నారు.

పలాస డయాలసిస్ వార్డులో కూర్చుని ఆలోచిస్తే నవ్వు రాదు. అరియస్ చెప్పింది నిజమైతే, మన బాధలోకి దేవుడు రాలేదు, తన బదులు ఇంకొకరిని పంపాడు. సిలువ మీద రక్తం కార్చింది ఒక ఉత్తమ దూత. పైనున్నవాడు పైనే ఉండిపోయాడు. నైసియాలో ఒప్పుకున్నది నిజమైతే, సూది గుచ్చించుకున్న చేతిని చూసి "నాకు తెలుసు" అనగలిగినవాడు సాక్షాత్తు దేవుడే. మేకుల గాయాలు ఆయనవే. యోహాను తన మొదటి పత్రికలో ఇంకోవైపు నుంచి ఇదే కాపలా కాశాడు: యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోని ఆత్మ దేవుని సంబంధమైనది కాదు. దేవుడు కాకపోతే ఆయన రక్షించలేడు, మనిషి కాకపోతే మన పక్కన లేడు. త్రిత్వం గురించి, శరీరధారణ గురించి పాస్టరుగారు ప్రసంగిస్తే వాచీ చూసుకునేవాళ్లు ఈ రెండు వాక్యాలను ఒకసారి ఆ వార్డులో పెట్టి చూడాలి.

పునరుత్థానం సంగతీ అంతే. "శరీరం మట్టేగా, ఆత్మ వెళ్లిపోతే చాలు" అని ఓదార్పుగా అంటాం. అది మన గాలిలో ఉన్న తత్వమే గాని అపొస్తలుల బోధ కాదు. పునరుత్థానం అప్పుడే గతించిందని చెప్పిన హుమెనైయు, ఫిలేతు కొందరి విశ్వాసాన్ని చెరిపారని పౌలు పేర్లు పెట్టి రాశాడు, ఆ బోధను కుళ్లు పుండుతో పోల్చాడు. మృతులు లేవరంటే క్రీస్తూ లేవలేదు, క్రీస్తు లేవకపోతే మన ప్రకటనా వట్టిదే, మనం అందరికంటే దౌర్భాగ్యులం అని కొరింథులో ఉన్నవాళ్లకు చెప్పాడు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో మనం కొవ్వొత్తులు వెలిగించి పాడేది ఆత్మల గురించి కాదు. అక్కడ పాతిపెట్టిన ఒళ్లు, జీడి సొనకు చర్మం ఊడిన చేతులు, ఉప్పుమళ్లలో పగిలిన పాదాలు, పనిచేయడం మానేసిన మూత్రపిండాలు మహిమతో లేస్తాయని పాడుతున్నాం. ఒంటికి అంత విలువ ఉంది కాబట్టే మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

అయితే ప్రతి భేదమూ దుర్బోధ కాదు. పలాసలో జీడిపప్పు ఏరే ఆడవాళ్లు గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేస్తారు. ధరలో తేడా ఉంటుంది గాని మూడూ తినే పప్పే. పుచ్చుపప్పును మాత్రం పక్కకు విసిరేస్తారు. ముంచి ఇచ్చే బాప్తిస్మమా చిలకరించేదా, వెయ్యేళ్ల పాలన ఎలా, భాషల వరం ఇప్పుడుందా, ఆరాధనలో తబలానా కీబోర్డా – వీటి మీద వాదించుకోవచ్చు, నాకూ గట్టి అభిప్రాయాలున్నాయి. ఇంతకే ఒకరి సంఘం వాళ్లు ఇంకొకరి చావుకు వెళ్లకుండా ఉండడం మాత్రం సిగ్గుచేటు. కాని క్రీస్తు దేవుడు కాడనేది, సిలువకు మన పుణ్యమో కానుకో జతచేసేది, లేఖనం పైన తన దర్శనాన్ని పెట్టేది పుచ్చుపప్పు. విచిత్రమేమిటంటే మన ప్రాంతంలో గుండుకీ బద్దకీ మధ్య సంఘాలు చీలాయి, పుచ్చును మాత్రం సభకు పిలిచి దండేశాం.

మూలబోధ ఎంత ఇంటి దగ్గరి విషయమో ఇంకొక చోట కూడా తెలుస్తుంది. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తింటూ తింటూ, యెరూషలేము నుంచి కొందరు రాగానే పంక్తిలోంచి లేచిపోయాడు. అది మర్యాదకు సంబంధించిన పొరపాటని పౌలు సర్దుకుపోలేదు. సువార్త సత్యం ప్రకారం నడవడం లేదని ముఖాముఖిగా ఎదిరించాడు. విశ్వాసం వలననే నీతిమంతులమౌతామన్న బోధను గలతీ పత్రికలో ఆ భోజనం గొడవ దగ్గరే వివరించాడు. మన దగ్గర ఆ పంక్తి గొడవ పేరు కులం. మన వైపు పుట్టినవాడే పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రీస్తును నమ్మి 1833లో బాప్తిస్మం పొందాడు. ఆయన కీర్తనలు అందరికీ తెలుసు, "కులాచార పరీక్ష" అనే పుస్తకం కూడా రాశాడన్నది కొద్దిమందికే తెలుసు. రోగి ఇంటికి వెళ్లి పెద్ద ప్రార్థన చేసి, ఆ ఇంట్లో గ్లాసుడు మంచినీళ్లు తాగకుండా వచ్చేవాడు, కృపచేత రక్షణ అనే సిద్ధాంతాన్ని కాదన్నట్టే. నోటితో ఎన్నిసార్లు ఒప్పుకున్నా అంతే.

మనలో చాలామందిమి బాప్టిస్టు సంఘాల్లో పెరిగాం. లూథరన్లు, సీఎస్‌ఐ వాళ్లు ఆరాధనలో విశ్వాసప్రమాణం అందరూ కలిసి చెబుతారు, మనకు ఆ అలవాటు లేదు. మనకు విశ్వాసప్రమాణం ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమే. అక్షరం రాని మన నాయనమ్మలు సిలువ ఎందుకో, కృప అంటే ఏమిటో చౌదరిగారి కీర్తనల్లోంచే నేర్చుకున్నారు, చాలా బాగా నేర్చుకున్నారు. పాటకు ఆ బలముంది. అయితే ఆ బలం అటూ ఇటూ పనిచేస్తుంది. అరియస్ కూడా తన బోధను పాటలుగా కట్టి, ఓడవాళ్లూ తిరగలి తిప్పేవాళ్లూ పాడుకునేలా చేశాడు. ఈరోజు ఫోనులో వచ్చే కొత్త పాటల్లో రాగం బాగున్నవి చాలా ఉన్నాయి. పాట మొత్తంలో సిలువ ఒక్కసారైనా వచ్చిందా, లేక నాకు ఇల్లు, నాకు ఉద్యోగం, నా శత్రువు ఓటమి ఇవేనా అని యువజన కూడికల్లో ఒకసారి కూర్చుని చూడండి. కొన్ని పాటలు మానుకోవలసి వస్తుంది, మానుకోండి.

బెరయవాళ్లు పౌలంతటివాడు చెప్పిన దాన్నే లేఖనాలతో ప్రతిరోజూ సరిచూసుకున్నారు, అందుకు లూకా వాళ్లను మెచ్చుకున్నాడు. మన ఊరికి మైకు పెట్టుకుని వచ్చే ప్రసంగీకుడు పౌలు కంటే గొప్పవాడు కాడు. అతణ్ని సరిచూడడం ఆత్మను ఆర్పడం కాదు. సంఘపెద్దలు ఇది తమ పని అని గుర్తించాలి. వేదిక మీద ఎవరు నిలబడతారో అడగడం, "మందులు మానండి" అన్నవాడి చేతిలోంచి మైకు తీసుకోవడం కూడా కాపరి పనే.

ప్రార్థన: తండ్రీ, నీ కుమారుణ్ని గురించి నిజం చెప్పే నోరు మాకు ఇవ్వు. బాధలో ఉన్నవారి మీద నువ్వు మోపని భారాన్ని మేము మోపకుండా కాపాడు. ఈ ప్రాంతపు రోగులను స్వస్థపరచు, వారిని చూసుకునే వైద్యులకు, నర్సులకు, ఇంట్లోవాళ్లకు ఓపికనివ్వు. మృతులలోనుండి లేచిన ప్రభువైన యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్.

రేపు డయాలసిస్ ఉన్న సోదరులారా, అక్కలారా, విశ్వాసం పేరు చెప్పి ఎవరు ఏమన్నా సరే, వెళ్లడం మానకండి. సంఘంలో బండి ఉన్నవాళ్లు తెల్లవారేసరికి వాళ్ల గుమ్మం దగ్గర ఉండండి.